బస్తీ ఇళ్ల మధ్య వాతావరణ పాఠం

హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 2017లో 25 ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచారు. ఐఐఐటీ హైదరాబాద్, ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా), జీహెచ్‌ఎంసీ తదితర సంస్థలు కలిసి చేసిన పని ఇది. పొర వేయని అలాంటి ఇళ్లకంటే వీటి లోపల సగటున 2 డిగ్రీల వేడి తగ్గినట్టు తేలింది. ఏసీ లేకుండా మే నెల గడిపినవాళ్లకు ఆ తేడా సంగతి చెప్పక్కర్లేదు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానాన్నే తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి కప్పులు వేయించాలన్నది దాని లక్ష్యం.

పొర వేయని ఇళ్లలోనూ కొలిచారు కాబట్టే ఆ 2 డిగ్రీలను నమ్మగలిగాం. విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచుగా లోపించేది ఈ పోలికే.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ తప్పనిసరి. అది వచ్చేది వేసవి సెలవుల్లో, సరిగ్గా ఎండలు మండే రోజుల్లో. సీనియర్ రిపోర్టు తెచ్చి పేరు మార్చి ఇచ్చేవాళ్లు చాలామందే (లెక్చరర్లకు తెలియదనుకుంటారు). దాని బదులు ఒక్క వీధి ఎంచుకోండి. రేకుల ఇంట్లో, డాబా ఇంట్లో మధ్యాహ్నం, రాత్రి ఒకే వేళకు థర్మామీటరు చూసి రాసుకోండి. విజయవాడవాళ్లయితే 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన సింగ్‌నగర్ ఉంది. నీళ్లు ఏ ఇంట్లో ఎంత ఎత్తుకు వచ్చాయో, ఎన్ని రోజులు నిలిచాయో అడిగి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు గీయవచ్చు.

ప్రశ్నల కాగితం పట్టుకుని నేరుగా వెళ్తే ఎవరూ నోరు విప్పరు. ముందు మహిళా సంఘాలు చూసే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్‌ను (ఆర్పీ) కలవండి. ఏం కొలవాలో బస్తీవాళ్లనే అడగండి. మీరు ఎండ గురించి అడగడానికి వెళ్తారు, వాళ్లు ట్యాంకర్ వచ్చే వేళ గురించి చెబుతారు. వినండి. మిట్టమధ్యాహ్నం ట్యాంకర్ వస్తే బిందెలతో ఎండలో నిలబడేది ఎవరో చూస్తే, రెండూ ఒకే సమస్యని అర్థమవుతుంది. లెక్కలయ్యాక తెలుగులో ఒక పేజీ రాసి ముందు వాళ్లకే చదివి వినిపించండి. తప్పులుంటే అక్కడే దిద్దుతారు.

పైచదువు కావాలంటే విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో పర్యావరణ ప్రణాళికలో పీజీ ఉంది. పురపాలక సంస్థల్లో కొత్త పట్టభద్రులకు ఇంటర్న్‌షిప్‌ల కోసం కేంద్రం 2020లో ట్యూలిప్ పథకం మొదలుపెట్టింది. ఏఐసీటీఈ పోర్టల్‌లో అవకాశాలు చూస్తూ ఉండండి.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్పాలి. ‘క్లైమేట్ ఆఫీసర్’ నోటిఫికేషన్ కోసం కూర్చుంటే కాలం వృథా. జీఐఎస్ అనలిస్టు, టౌన్ ప్లానర్, ఫీల్డ్ రీసెర్చర్, సీఎస్‌ఆర్ ప్రోగ్రామ్ అసోసియేట్ లాంటి పేర్లతో వెతకండి. మొదటి జీతాన్ని సాఫ్ట్‌వేర్ స్నేహితుడి జీతంతో పోల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది. అందుకు సిద్ధపడే రండి.

ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ల ఫైలుతోపాటు మీ మ్యాపు, బస్తీలో చదివిన ఆ పేజీ పట్టుకెళ్లండి. మీ అంచనాకు విరుద్ధంగా ఫలితం వచ్చిన ఇల్లు ఏది, ఎందుకలా వచ్చింది అన్నదానికి జవాబు ముందే ఆలోచించుకోండి. పని తెలిసిన బోర్డు సభ్యుడు మొదట అడిగేది అదే.