యూజర్ కష్టం డిజైనర్‌కి చేర్చడం ఎలా?

నరసరావుపేట దగ్గర మిర్చి కల్లంలో ఓ రైతుకి మా యాప్ ఇచ్చి, గుంటూరు యార్డు ధర చూడమన్నాను. మిట్టమధ్యాహ్నం. లేత బూడిద రంగు అంకెలు ఎండకి కనబడలేదు. చేత్తో స్క్రీన్‌కి నీడ పట్టి చూశారు. "మా అబ్బాయొచ్చాక చూసుకుంటాలే" అని ఫోన్ తిరిగిచ్చేశారు.

డిజైనర్‌కి ఒక్క లైన్ రాశా: 'కాంట్రాస్ట్ తక్కువ.' మామూలు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలన్న డబ్ల్యూసీఏజీ రూల్ ఆమెకీ తెలుసు. కానీ ఏసీ గదిలో బాగానే కనబడుతోంది కదా, పట్టించుకోలేదు.

అప్పుడు, రైతుని అడిగి తీసుకున్న 20 సెకన్ల వీడియో చూపించా. ముఖం లేదు, చేతులూ మాటలే. అదే ఫోన్ ఇచ్చి ఎండలో మేడ మీదకి తీసుకెళ్లా. సాయంత్రానికి అంకెలు ముదురు రంగుకి మారాయి.

మీరూ రీసెర్చ్ షేర్ చేసేటప్పుడు ఈ వరుస పాటించండి: ఎక్కడ, ఏం చేశారు, ఏమన్నారు. మీ అభిప్రాయం ఆఖర్న. వీలైతే అదే ఫోన్, అదే వెలుతురు.