కంప్యూటరునకు దూరనియంత్రణ గ్రాహకము: స్వహస్త నిర్మాణము

పెద్ద తెరకు కంప్యూటరును జోడించి ఇంటిలోనే చలనచిత్రములు చూచుట నేడు సామాన్యమైనది. మూలపడిన టీవీ రిమోట్ ఒకటి దొరికినచో, దాని ఆజ్ఞలను ఆ కంప్యూటరునకు అందించు గ్రాహకమును విద్యార్థులే నిర్మించుకొనవచ్చునని మేము మనవి చేయుచున్నాము.

మీట నొక్కగా వెలువడునది పరారుణ కాంతి. ఉర్దూలో దీనిని ‘జేరీఁ సుర్ఖ్’ అందురు, అనగా ఎరుపునకు దిగువది. తరంగదైర్ఘ్యమును బట్టి తెలుగు మాటయు, పౌనఃపున్యమును బట్టి ఉర్దూ మాటయు సరియైనవే. ఎండలోను ఈ కిరణములు ఉండుటచే, రిమోట్ తన కాంతిని సెకనుకు సుమారు 38,000 మార్లు మినుకుమనిపించును. గ్రాహకము ఆ లయను మాత్రమే స్వీకరించును.

బహుళ ప్రచారములోనున్న ఎన్‌ఇసి పద్ధతిలో ముందు 9 మిల్లీసెకనుల వెలుగు, పిదప 4.5 మిల్లీసెకనుల చీకటి, ఆపైన 32 అంకెలు వచ్చును. ప్రతి అంకెలోను వెలుగు సమానమే. వెనువెంటనున్న చీకటి పొట్టిదైనచో సున్న, పొడవైనచో ఒకటి. లఘుగురువులు గుర్తించిన విద్యార్థికి ఇది వింత గాదు. ఆజ్ఞను ఒకసారి ఉన్నదున్నట్లును, మరల తారుమారుగాను పంపుటచే పొరపాటు తెలిసిపోవును.

పూర్వము ఈ గ్రాహకమును సీరియల్ పోర్టునకు తగిలించి, ‘లిర్క్’ అను సాఫ్ట్‌వేరుతో నడిపెడివారు. ఆ పోర్టు ఇప్పుడు అరుదు. యుఎస్‌బి మార్పిడి తీగ పనికిరాదు. అది సంకేతములను మూటగట్టి అందించుటచే కాలపు కొలత చెడును. కావున రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు మేలు.

‘టిసాప్ 38238’ అను గ్రాహకము ఉబ్బెత్తు ముఖము మనవైపున్నప్పుడు ఎడమనుండి మొదటి కాలు సంకేతము, రెండవది భూమి, మూడవది విద్యుత్తు. వీనిని వరుసగా పై యొక్క 12, 6, 1 సంఖ్యల పిన్నులకు కలుపవలెను. మొదటి పిన్ను 3.3 వోల్టులు ఇచ్చును. పాత ‘టిసాప్ 1738’ కాళ్ళ వరుస వేరు: భూమి, విద్యుత్తు, సంకేతము. పైగా దానికి 5 వోల్టులు కావలెను. ఆ సంకేతమును పై నేరుగా భరింపజాలదు. రూపము ఒకటేయని నమ్మి కలిపినచో గ్రాహకమో, కంప్యూటరో పాడగును. దుకాణదారు మాటకన్న కంపెనీ పత్రమే ప్రమాణము. విద్యుత్తు తీగలో 100 ఓముల నిరోధకమును, గ్రాహకము చెంత విద్యుత్తు, భూమి కాళ్ళ నడుమ 4.7 మైక్రోఫారడ్ కెపాసిటరును ఉంచుట క్షేమము.

పిదప ఆ పిన్నును పరారుణ గ్రాహకముగా వ్యవస్థలో నమోదు చేసి, ‘ఐఆర్-కీటేబుల్’ సాధనముతో ఒక్కొక్క మీట సంకేతమును చదివి, ‘కోడి’ వంటి ప్రదర్శకమునకు అన్వయింపవలెను. ఏ అంకెయు కనబడనిచో ముందుగా రిమోట్‌నే శంకింపుడు: దాని కొనను సెల్‌ఫోను ముందు కెమెరాకు చూపి మీట నొక్కినచో, బ్యాటరీలు బాగున్నప్పుడు తరచుగా ఊదారంగు వెలుగు తెరపై కనబడును.