బెరడు చూచిన పిల్లవాడు

వనపర్తి



నాగర్‌కర్నూలు నుండి నీవు వ్రాసిన ఉత్తరము నిన్న అందినది. గద్వాల నడిగడ్డ పల్లె నుండి వచ్చిన ఆ విద్యార్థి, కూత వినిన తోడనే పిట్ట పేరు చెప్పగలిగియు, తరగతిలో ఎవరి ముఖమును చూడక, పరీక్షలో సగము కాగితము తెల్లగా విడిచి వచ్చుచున్నాడనియు, తోటి అధ్యాపకులు అతనిని సోమరి యనియు గర్వి యనియు తలచుచున్నారనియు వ్రాసితివి. నాయనా, ఆ రెండు మాటలను నీ నోట రానీయకుము.

ఒకప్పుడు నేను ఆ మాటలనే పలికితిని. మన్ననూరు దాటి ఫరహాబాదు త్రోవలో, గుంపునకు ఎడముగా నిలిచి ఒక చెట్టు బెరడునే గంటసేపు చూచుచుండిన పిల్లవానిని అందరి యెదుట మందలించితిని. అతడు మరునాటి నుండి తరగతికి రాలేదు. బెరడు మీద ఏమి చూచెనో నేనడుగనైతిని.

మన నల్లమలలో మోదుగ ఆకులు రాల్చి ఎఱ్ఱగా పూయు దినములలోనే, వాగు ఒడ్డున ఏరుమద్ది పచ్చగా నిలిచియుండును. ఒక్క తేదీనాడు అడవిని లెక్కింపబోవువాడు సగము చెట్లను ఎండినవిగా వ్రాసికొనును. మనుష్యులును అట్లే. మెదళ్ల తీరులోని భిన్నత్వమునకు న్యూరోడైవర్సిటీ యను పేరు, జీవవైవిధ్యమను మాట ననుసరించి 1990ల చివర వచ్చినది. అయినను ఈ పోలికను సాగదీయవలదు. చెట్టు నిద్రలేని రాత్రులు గడుపదు, నీ విద్యార్థి గడుపుచుండవచ్చును.

అతని స్థితికి పేరు పెట్టుట వైద్యుల పని. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును, అభ్యసన వైకల్యములను 21 వైకల్యములలో చేర్చి, పరీక్షలో అదనపు సమయమును, లేఖకుని సహాయమును హక్కుగా చూపినది. అది దయ కాదని మీ ప్రిన్సిపాలునకు చెప్పుము. ధ్రువపత్రము వచ్చులోపల నీ చేతనున్నవి చేయుము: క్షేత్రపర్యటనకు బస్సు వేళ, నడచు త్రోవ, తిరుగు సమయము ముందునాడే వ్రాసి యిమ్ము, తలుపు ప్రక్క కూర్చుండనిమ్ము, తరగతి పరీక్షలలో నోటితో చెప్పిన జవాబు నంగీకరింపుము. ఏది కష్టమో ముందు అతనినే అడుగుము, ఒంటరిగా అడుగుము. 2022 నుండి పనిచేయుచున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ సంఖ్య 14416ను అతనికొక్కనికే యిచ్చినచో చిన్నతనముగా తోచును గనుక, ప్రయోగశాల తలుపు మీద అందరికొరకు వ్రాయుము.

తొలివానల తరువాత ఉమామహేశ్వరము కొండకు పోవుదము, అతనిని పిలువుము. అతడు ఏ చెట్టుకడ నిలిచినను నేనును నిలిచెదను.