కణమునకు పగ్గము

కీళ్లు వాచి నొప్పిపెట్టినచో మన పల్లెలలో 'వాతము' అను ఒక్క మాటతో సరిపెట్టుదురు. పత్తి తీసి, మిరపకాయలు కోసి బ్రతికెడి చేతులకు వ్రేళ్ల నొప్పి వింత కాదు గదా! కాని రుమటాయిడ్ కీళ్లవాతము కేవల శ్రమ వలన వచ్చునది కాదు. ఉదయము లేవగానే వ్రేళ్లు బిగుసుకొనిపోయి గంటసేపటికి గాని వదలవు. పురుషులకంటె స్త్రీలలో ఇది ఎక్కువ. శరీరమును కాపాడవలసిన రక్షక కణములే కీళ్లను శత్రువులుగా ఎంచి బాధించుట ఇందలి విపరీతము.

ఈ కణములలో 'టి' కణములు ముఖ్యమైనవి. ఎదుటి కణము చూపిన ప్రోటీను ముక్కను టి కణముపై నున్న గ్రాహకము గుర్తించును. అంతమాత్రమున అది దాడికి పూనుకొనదు. దాని ఉపరితలముననే యున్న సిడి28 అను అణువు, ఎదుటి కణముపై నున్న బి7 అణువుతో కలియవలెను. ఇది ముల్లుగర్ర వంటిది. ఎద్దు కదలిన పిదప పగ్గము కూడ కావలయును. ఆ పగ్గమే సిటిఎల్‌ఎ-4. ఇది కణము ఉత్తేజితమైన తరువాత పైకి వచ్చి, సిడి28 కంటె గట్టిగా బి7ను పట్టుకొని, దాని చోటు ఆక్రమించును. దాడి తగ్గును. ఈ అణువు లేని ఎలుకలను 1995లో పరిశీలింపగా, అవి తమ అవయవములపై తమ కణములే విరుచుకుపడి మూడు నాలుగు వారములలో మరణించినవి!

అదే సంవత్సరము జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి, సిడి25 అను ఉపరితల అణువు ఆనవాలుగా, ఇతర కణములను అదుపులో నుంచెడి టి కణములను గుర్తించెను. ఆయనకు మేరీ బ్రుంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025లో నోబెల్ బహుమతి లభించినది.

సిటిఎల్‌ఎ-4 వెలుపలి భాగముతో రూపొందిన అబాటసెప్ట్ అను మందు 2005లో అమెరికాలో ఈ కీళ్లవాతమునకు ఆమోదము పొందినది. పగ్గమును బయటినుండి అందించుట యన్నమాట. అయితే ఇది ఖరీదైన మందు. పైగా అంటువ్యాధులను ఎదిరించు శక్తిని కొంత తగ్గించును.

సామాన్యులకు నేటికిని మొదటి ఆధారము మెథోట్రెక్సేట్. దీని వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేసిరి. ఆయన 1948లో మరణించెను. అమినోప్టెరిన్‌ను కీళ్లవాతముపై ప్రయోగించిన ఫలితములు వెలువడినది 1951లో.

ఈ వ్యాధికి మెథోట్రెక్సేట్‌ను వారమునకు ఒక్కమారే వాడవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులకు అది నిషిద్ధము. దుష్ఫలితములు తగ్గుటకై వైద్యులు దానితోబాటు ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడ ఇత్తురు.