మర కుదిరింది, గురి కుదరలేదు

ప్రశ్న: మా చిన్నాయన వాడిన జోర్కీ-4 కెమెరాకి జూపిటర్-8 లెన్సు ఉంది. దాన్ని విప్పి, ఈమధ్య బెంగుళూరులో కొన్న లైకా-3కి బిగించాను. చంద్రచూడేశ్వరుని కొండ మీది గోపురం చక్కగా వస్తోంది. దగ్గరగా మా పాప కళ్లకి గురిపెడితే మాత్రం కళ్లు మసక, కణతల మీది జుట్టు స్పష్టం! లోపం లెన్సుదా, కెమెరాదా?
– టూల్ రూమ్ ఉద్యోగి, సిప్‌కాట్, హోసూరు

జవాబు: ముందు అది లైకాయేనా చూడండి. లెన్సు విప్పితే మౌంటు లోపల పైభాగాన రేంజ్‌ఫైండర్‌ని కదిపే చిన్న చేయి కనిపిస్తుంది. దాని కొసన గుండ్రటి రోలర్ ఉంటే లైకా. ఏటవాలుగా చెక్కిన లోహపు ముక్క ఉంటే సోవియట్ కెమెరాలైన ఫెడ్‌కో జోర్కీకో లైకా పేరు చెక్కి అమ్మారన్నమాట. ఇలాంటివి బజారులో కొల్లలు. బంగారు పూత మెరిసేకొద్దీ అనుమానం పెంచుకోండి.

రోలరే ఉందంటే తప్పు రెండింటిదీ కాదు, జోడీది. రెండింటికీ 39 మి.మీ. మరే, మౌంటు నుంచి ఫిల్ముకు 28.8 మి.మీ. దూరమే. అందుకే గోపురం బాగా పడింది. కానీ లైకా రేంజ్‌ఫైండర్ తన లెన్సు ఫోకల్ లెంగ్త్ 51.6 మి.మీ. అనుకొని దూరం లెక్కకడుతుంది. జూపిటర్-8 పుట్టుక జర్మనీ కాంటాక్స్ కెమెరా కోసం జైస్ చేసిన సోనార్ నుంచి. దాని లెక్క 52.4. దూరాన ఈ తేడా బయటపడదు. మీటరు దగ్గర మాత్రం ఫోకస్ సుమారు 3 సెం.మీ. వెనక్కి పోతుంది. ఎఫ్ 2 దగ్గర స్పష్టత అటూ ఇటూ 2 సెం.మీ. పైచిలుకే, మరి కళ్లు ఎలా అందుతాయి?

మీకు చేతులు దురద పెడతాయని తెలుసు. హోసూరులో 0.1 మి.మీ. షిమ్ (లెన్సు కింద వేసే పల్చటి రేకు వలయం) కోయడం ఎంత పని! అది వేస్తే దగ్గరి బొమ్మ కుదురుతుంది, ఎఫ్ 4కి మూసేదాకా గోపురం మెత్తబడుతుంది. నన్నడిగితే షిమ్ వద్దు. పాపను ఎఫ్ 5.6లో తీయండి. వెలుతురు చాలకపోతే గురి కుదిరాక రెండు వేళ్ల మందం వెనక్కి వాలి నొక్కండి.

అంతకంటే ముందు లెన్సును జోర్కీ మీదే పరీక్షించాలి. వెనక తలుపు ఊడదీసి, ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద బటర్ పేపరు బిగుతుగా అతికించండి. బయటి పట్టాల మీద అతికిస్తే కొలతే తప్పుతుంది. షట్టర్ ‘బి’లో తెరిచి, ఎఫ్ 2లో, మీటరు దూరాన ఉన్న అక్షరాలకు గురిపెట్టి, పేపరు మీద వాటిని భూతద్దంతో చూడండి. అక్కడా గురి తప్పితే ఆ లెన్సును ఎవరో విప్పి, షిమ్ పోగొట్టి బిగించారనుకోవచ్చు. అన్నట్టు, జోర్కీలో షట్టర్ వేగం మార్చేది ఫిల్ము తిప్పాకే.

ప్రశ్న: జెనిట్ కెమెరా లెన్సు నా జోర్కీకి చక్కగా ఎక్కింది. డ్యాం దగ్గర తీసిన రీలంతా మసకే.
– కృష్ణగిరి

జవాబు: మర ఒకటే, సంసారం వేరు. జెనిట్ అద్దం కెమెరా, దాని లెన్సు ఫిల్ముకు 45.2 మి.మీ. దూరాన ఉండాలి. మీరు 16.4 మి.మీ. లోపలికి దించారు. రేంజ్‌ఫైండర్‌ని కదిపే ఏర్పాటు కూడా దానికి లేదు. ఇండస్టార్-50 రెండు రకాలుగానూ దొరుకుతుంది, కొనేటప్పుడు అడగండి.

ప్రశ్న: నాన్నగారి యాషికా ఎలక్ట్రో 35 వ్యూఫైండర్‌లో గురిపెట్టే పసుపు మచ్చ వెలిసిపోయింది. ఎవరితోనైనా తుడిపించమంటారా?
– డెంకణికోట

జవాబు: లోపలి అద్దం మీద స్పిరిట్ పెట్టనివ్వకండి. పల్చటి పూత ఊడిందంటే మచ్చ పూర్తిగా పోతుంది. బయటి కిటికీలు మాత్రం తుడిపించి, వ్యూఫైండర్ ముందు కిటికీ నడుమ చిన్న నల్ల టేపు ముక్క అంటించి చూడండి. మచ్చలోని రెండో బొమ్మ తేటపడుతుంది. తర్వాత కిలోమీటరుకు తగ్గని దూరంలో ఉన్న టవరుకు గురిపెట్టి, లెన్సును చివరిదాకా తిప్పండి. రెండు బొమ్మలు ఒకటైతే దాన్నిక మెకానిక్‌కు ఇవ్వనక్కరలేదు.