మళ్ళీ లేసు సూది పట్టేటప్పుడు

కాట్రేనికోన వైపు ఇంట్లో కూర్చుని లేసు అల్లే మనిషికి జబ్బు చేస్తే సెలవు చీటీ ఉండదు. కోలుకున్నాక ఫలానా సోమవారం నుంచి పనిలోకి రమ్మనే పిలుపూ ఉండదు. ఆపరేషనై, మందులై, జుట్టు మళ్ళీ మొలుస్తున్న రోజుల్లో ఇంట్లోవాళ్ళు ప్రేమగానే అంటారు: ‘ఊరికే కూర్చుంటే తోచదు, లేసు అల్లుకోరాదూ!’ ఆ లేసు డబ్బులతోనే పిల్లల ఫీజులు కట్టిన సంగతి అప్పుడెవరికీ గుర్తు రాదు, ఒక్కోసారి ఆవిడకే గుర్తు రాదు.

లేసును పనిగా లెక్కపెట్టకపోవడం ఇవాళ్టి సంగతి కాదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన ఈ అల్లిక గోదావరి పాయలకు అటూ ఇటూ నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో ఇంటింటి పనైంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకం వెలువరించారు. విదేశాలకు వెళ్ళే సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళను ఎవరూ కార్మికులుగా లెక్కలోకి తీసుకోలేదనీ, అదంతా తీరికవేళ పనిగా చెలామణీ అయిందనీ అందులో చూపించారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ జబ్బుపడి లేచిన అల్లకపు మనిషి తిరిగి ఎప్పుడు, ఎంత పని మొదలుపెట్టాలో చెప్పే ఏర్పాటు దానితో రాలేదు. ఆ ఏర్పాటు ఆవిడే చేసుకోవాలి.

చాలామంది మొదట చేసే పని, సగంలో ఆగిపోయిన పాత ఆర్డరు బయటికి తీయడం. మాట పోతుందన్న భయం. నన్నడిగితే అది అన్నిటికంటే చివర ముట్టుకోవాల్సింది. కొన్ని కీమో మందుల వల్ల వేళ్ళ కొసల్లో తిమ్మిరి నెలల తరబడి ఉండిపోతుంది. దారం ఎంత బిగువుగా లాగుతున్నదీ వేలికి తెలియదు. అదే నమూనా, అదే దారం, అదే సూది, అయినా ఇప్పటి పువ్వు పాత పువ్వు కంటే వదులుగానో బిగుతుగానో వస్తుంది. రెండూ కలిపి దుప్పటిగా అతికితే ముడతలు పడుతుంది. అప్పుడు ‘నా చేయి పోయింది’ అని ఆవిడ నిర్ణయించేసుకుంటుంది. పోయింది చేయి కాదు, కొలత. ఆర్డరిచ్చిన ఏజెంటుతో ఉన్నమాట చెప్పి పాతది పక్కన పెట్టి, కప్పు కింద పెట్టే చిన్న గుడ్డతో మొదలుపెడితే ఆ కొత్త కొలత తెలుస్తుంది.

ఈ పనికి ఒక మంచి గుణం ఉంది. ఆత్రేయపురంలో పూతరేకుల కుండ వేడెక్కాక మనిషి అలసిందని ఆగదు. క్రోషేలో ఏ క్షణాన చూసినా సూది మీద మిగిలేది సాధారణంగా ఒక్క దారపు ఉచ్చే. దానికి పిన్ను పెట్టి లేచిపోవచ్చు, మర్నాడు అక్కడినుంచే అందుకోవచ్చు. కోలుకుంటున్న ఒంటికి ఇంత అనుకూలమైన పని తక్కువ. అయినా మనవాళ్ళు ‘ఈ వరస అయ్యాక లేస్తాను’ అంటూ మెడ పట్టేసేదాకా కూర్చుంటారు!

డాక్టరు దగ్గర కూడా ‘ఇంటిపని చేసుకోవచ్చా?’ అని అడిగి వచ్చేస్తారు. అది సరిపోదు. సూదీ దారం సంచిలో వేసుకెళ్ళి, ఎలా అల్లుతారో ఆయన ముందు అల్లి చూపించాలి. రొమ్ము క్యాన్సరుకు చంకలోని గ్రంథులు తీసినవాళ్ళకు ఆ చేయి వాచే ప్రమాదం ఉంటుంది. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా వేసినవాళ్ళు ఆ చేతి మీద బరువు, ఒత్తిడి పడనీయకూడదు. ఏ చేత్తో ఏం చేస్తున్నారో చూస్తేనే ఆయన సరైన సలహా ఇవ్వగలడు.

ఒంటికి తగ్గట్టు పనిని మార్చుకోవడానికి ఒక ఉదాహరణ: ఇంగ్లండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి ఉండేవాడు. చిన్నప్పుడు వచ్చిన మశూచితో మోకాలు దెబ్బతిని, కాలితో సారె తిప్పే పని అతనికి కష్టమైంది. దృష్టి మట్టి పాళ్ళ మీదికి, మెరుపు పూతల ప్రయోగాల మీదికి మళ్ళించాడు. 1768 మే నెలలో ఆ కాలే తీసేశారు, మత్తు ఇచ్చి ఆపరేషన్లు చేసే రోజులు కావవి. మరుసటి ఏడాది జూన్ 13న ఎట్రూరియా అనే కొత్త కార్ఖానా తెరిచాడు. ఆ రోజు తొలి కలశాలు ఆరింటిని తన చేత్తోనే మలిచాడు. చక్రం తిప్పింది మాత్రం భాగస్వామి థామస్ బెంట్లీ.

వెడ్జ్‌వుడ్‌కు డబ్బుంది, భాగస్వామి ఉన్నాడు, మనకెవరున్నారంటారా? నిజమే. కానీ లేసులో అలా పని పంచుకోవడం ఎప్పటినుంచో ఉంది. పువ్వులల్లే చేతిపని వేరు, వాటిని కలిపే అతుకుపని వేరు. పెద్ద గుడ్డ ఒళ్ళో పరుచుకుని చేసే అతుకు ఒంటికి భారం కాబట్టి దాన్ని తోటికోడలికో పక్కింటి పిన్నికో అప్పగించవచ్చు. సాయంగా కాదు, కూలి ఇచ్చి. లేకపోతే ఆవిడ గంటలు కూడా తీరికవేళ ఖాతాలోకే పోతాయి.

ఇక గంటలు. మొదటి నెల క్యాలెండరు మీద రోజూ ఎంతసేపు అల్లారో, ఎన్ని పువ్వులు వచ్చాయో రాయాలి. మునుపటి వేగంతో పోల్చుకోవడానికి కాదు, గడువు ఒప్పుకోవడానికి. వారానికి ఎన్ని పువ్వులు వస్తాయో తెలిస్తే ఏజెంటు ‘పండక్కి దుప్పటి కావాలమ్మా’ అన్నప్పుడు మొహమాటపడక్కర్లేదు. ‘దుప్పటి కుదరదండీ, నాలుగు కప్పు గుడ్డలిస్తాను, రేటు ఇదీ’ అనొచ్చు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆ నాలుగూ అమలాపురంలోనో, ఫోనులో ఫొటో చూసి అడిగిన బంధువులకో అమ్మాలి. మొదటి బేరాల్లో లాభం పలచగానే ఉంటుంది.