ఋణవిమోచనము – గ్రామసేవ

ఋషిఋణము అధ్యయనముచే తీరునని పెద్దలందురు. నేడు ఆ అధ్యయనమే ఋణమును తెచ్చుచున్నది. 2009-10 విద్యాసంవత్సరము నుండి, వార్షికాదాయము 4.5 లక్షల రూపాయలు మించని కుటుంబముల వారికి, వృత్తివిద్యాఋణముపై చదువుకాలపు వడ్డీని భరించు పథకమును కేంద్రప్రభుత్వము ప్రారంభించినది. అసలు మాత్రము విద్యార్థి తలపైననే యుండును. ఆ వాయిదాల భారమే నాదెండ్ల బిడ్డను డాక్టరైన పిదప నగరమునకు లాగును.

అమెరికాలో 2007 నాటి చట్టము ప్రకారము, ప్రజాసేవలో నుండి 120 నెలసరి వాయిదాలు చెల్లించిన వారికి మిగిలిన ప్రభుత్వ ఋణము రద్దగును. మనదేశమున పలు రాష్ట్రములు వైద్యవిద్యార్థులచే సేవాబాండ్లు వ్రాయించుకొన్నవి. 2019లో సుప్రీంకోర్టు వానిని సమర్థించినది. నిర్బంధము వైద్యుని పల్లెకు రప్పించును గాని నిలుపజాలదు.

జకాతు పొందదగిన ఎనిమిది వర్గములలో ఋణగ్రస్తులును కలరు. పల్లెలో పనిచేసిన ప్రతి యేటికి అసలులో కొంత తగ్గించుట దానమైనను కాదు, సేవకు తగిన వేతనమేయని మేము తలంతుము.